ఋణమాఫీ - ధరవరలు

గోలకొండ కోటను చూడబోయిన యాత్రికులకు అక్కడివారు తప్పక చూపే స్థలం రామదాసు బందిఖానా. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉండి, ప్రభుత్వానికి జమకట్టవలసిన శిస్తుసొమ్మును భద్రాద్రిరాముని ఆలయానికి వెచ్చించాడనీ, ఆ నేరానికి తానీషా ప్రభువు అతనిని పన్నెండేండ్లు చెరలో ఉంచాడనీ జనశ్రుతి. చివరకు రామలక్ష్మణులే సేవకుల రూపంలో నడిరేయి తానీషా శయనాగారానికి వచ్చి, ఆరులక్షల నాణేలు కుప్పగా పోసి, చెల్లుచీటీ వ్రాయించుకొని, దానిని నిద్రిస్తున్న భక్తుని చెంత ఉంచి వెళ్లారని ఆ కథ ముగుస్తుంది. భక్తులకు ఇది భగవత్కారుణ్యగాథ. సాహిత్య విద్యార్థులకు రామదాసు కీర్తనలకు నేపథ్యం. అర్థశాస్త్రం చదివే విద్యార్థికి మాత్రం ఇందులో మరొక ప్రశ్న తోచవచ్చు. ఆ మరునాడు కార్వాన్ బజారులో బియ్యం ధర పెరిగిందా?

ప్రశ్న వింతగా తోచినా వ్యర్థమైనది కాదు. ఎక్కడినుండో వచ్చిన ఆరులక్షల నాణేలు రాజుగారి ఖజానాలో చేరి అక్కడే మూలుగుతూ ఉంటే అంగడిలో ఏ మార్పూ ఉండదు. వాటిని ప్రభువు సైనికుల జీతాలకూ, భవనాల నిర్మాణానికీ వెచ్చిస్తే కథ మారుతుంది. నగరంలో నాణేలు ఎక్కువై, బియ్యపుబస్తాలు మాత్రం నిన్నటివే అయినప్పుడు, ఒక్కొక్క బస్తాకు ఇవ్వవలసిన నాణేలు పెరుగుతాయి. అంటే అప్పు తీరడం వేరు, ధర పెరగడం వేరు. ఈ రెండింటికీ నడుమ "ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చింది, ఎవరి చేతికి చేరింది, ఏ వస్తువు వెంట పడింది" అనే మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఋణమాఫీ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ధరలు మండిపోతాయని హెచ్చరించేవారు ఈ మూడింటినీ దాటవేస్తుంటారు. మాఫీ చేయమని కోరేవారూ అంతే.

అప్పు మూడు విధాలుగా తీరుతుంది. తీసుకొన్నవాడు కట్టడం మొదటిది. ఇచ్చినవాడు వదులుకోవడం రెండవది. మూడవవాడెవరో వచ్చి కట్టడం మరొకటి. నేటి ప్రభుత్వాలు చేసే ఋణమాఫీ చాలావరకు ఈ మూడవ కోవకు చెందినదే. బ్యాంకు తన సొమ్మును వదులుకోదు. ప్రభుత్వం ఆ బాకీని తన నెత్తికెత్తుకొని బ్యాంకుకు చెల్లిస్తుంది. రామలక్ష్మణుల స్థానంలో ప్రభుత్వం నిలుస్తుందన్నమాట. అయితే దేవతలకున్న సౌకర్యం ప్రభుత్వానికి లేదు. అది మరొకరి జేబులోనుండి తీయనిదే నాణెం పోయలేదు.

హైదరాబాదు చరిత్రలో ఈ విషయానికి ఒక ముచ్చటైన నిదర్శనం ఉంది. ఆసఫ్‌జాహీ ప్రభువులకు సొంత టంకశాల ఉండేది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో, ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో, రూపాయి మీద చార్మినారు బొమ్మ వెలసింది. హాలీ సిక్కా అని ప్రజలు పిలుచుకొన్న ఆ నాణెం బ్రిటిషు ఇండియా రూపాయికి భిన్నమైనది. సుమారు ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు బ్రిటిషు రూపాయలు వచ్చేవి. 1918 నుండి నిజాం ప్రభుత్వం కాగితపు నోట్లను కూడా విడుదల చేసింది. ఆ ప్రభువు తలచుకొంటే బాకీదారుల బాకీలను తన నోట్లతోనే తీర్చగలిగేవాడు. దాని ఫలితాన్ని కూడా ప్రజలే అంగడిలో అనుభవించవలసి వచ్చేది. 1959లో హాలీ సిక్కా చెలామణి ముగిసిపోయింది. నేటి తెలంగాణ ప్రభుత్వానికైనా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికైనా టంకశాల లేదు. నోట్ల విడుదల 1935లో ఏర్పడిన భారతీయ రిజర్వు బ్యాంకు చేతిలో ఉంది. కనుక రాష్ట్రప్రభుత్వం ఋణమాఫీ చేయదలచుకొంటే దానికి మూడే దారులు. పన్ను వేయాలి, లేదా మరొక ఖర్చును తగ్గించుకోవాలి, లేదా బాండ్లు అమ్మి అప్పు తేవాలి. ఈ మూడింటిలోనూ డబ్బు ఒక చేతినుండి మరొక చేతికి మారుతుందే తప్ప ఆకాశం నుండి రాలదు.

ఇక్కడ ద్రవ్యోల్బణమనే మాటను సరిగా గ్రహించడం అవసరం. వానలు ఎక్కువై మీర్ ఆలం మండిలో టమాటాల ధర రెండింతలైతే అది ద్రవ్యోల్బణం కాదు, టమాటాల కొరత. బియ్యం, పప్పు, నూనె, ఇంటి అద్దె, ఆటో కిరాయి, బడి రుసుము, మందులు ఇలా దాదాపు అన్నింటి ధరలూ కలిసికట్టుగా, ఎడతెగకుండా పెరుగుతూ పోతే అది ద్రవ్యోల్బణం. రెండవ ప్రపంచయుద్ధకాలంలో భారతదేశం దీనిని చవిచూసింది. యుద్ధవ్యయం కోసం చెలామణిలోని నోట్లు ఆరేండ్లలో ఐదారు రెట్లు పెరిగాయి. వస్తువులు మాత్రం యుద్ధరంగానికి తరలిపోయాయి. ఫలితంగా నెలజీతగాళ్ల బ్రతుకులు చితికిపోయాయి. పాత అప్పులున్న రైతులకు మాత్రం పంటధర పెరిగి, బాకీలు తీర్చుకొనే వెసులుబాటు కలిగింది. ద్రవ్యోల్బణం అప్పును తేలిక చేస్తుంది. అప్పు రద్దు ద్రవ్యోల్బణాన్ని తెస్తుందా అనేదే చర్చనీయాంశం.

చదువు అప్పు విషయాన్నే తీసుకొందాం. లాడ్‌బజారులో లక్కగాజులు చేసే ఒక కార్మికుని కుమార్తె ఇంజనీరింగు చదువు కోసం బ్యాంకులో 4 లక్షల రూపాయలు అప్పు తీసుకొన్నదనుకొందాం. చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరం గడువు ఉంటుంది. ఆపై నూటికి పది వంతున వడ్డీతో పదేండ్లలో తీర్చాలంటే ఆమె నెలకు దాదాపు 5,300 రూపాయలు కట్టాలి. ఆ అప్పును ప్రభుత్వం రద్దు చేసిందనే వార్త రాగానే "నాలుగు లక్షలు ఉచితంగా పంచిపెట్టారు" అని కొందరు ఆక్షేపిస్తారు. కాని ఆమె చేతికి నాలుగు లక్షలు రాలేదు. ఆ సొమ్ము నాలుగేండ్ల క్రితమే కళాశాలకు చేరి, అధ్యాపకుల జీతాలుగానో, భవనాలుగానో ఖర్చయిపోయింది. ఇప్పుడు ఆమెకు మిగిలేది నెలనెలా 5,300 రూపాయలు మాత్రమే. అంగడికి వచ్చే కొత్త గిరాకీ కూడా అంతే.

ఆ 5,300 రూపాయలతో ఆమె ఏమి చేస్తుంది? కారుతున్న పైకప్పును బాగుచేయించవచ్చు. తమ్ముని రుసుము కట్టవచ్చు. కొంత దాచుకోవచ్చు. ఇలాంటి యువతులు లక్షమంది ఉంటే మేస్త్రీలకు పని దొరుకుతుంది, బట్టలకొట్టులో బేరం పెరుగుతుంది. పని లేక కూర్చున్న మేస్త్రీకి పని దొరికితే కూలిరేటు వెంటనే పెరగదు. మగ్గం ఖాళీగా ఉన్నచోట గిరాకీ పెరిగితే గుడ్డ పెరుగుతుంది, ధర కాదు. ఉన్న మేస్త్రీలందరూ ఊపిరి సలపని పనిలో ఉన్నప్పుడు వచ్చిపడే గిరాకీ మాత్రమే ధరను పైకి నెడుతుంది. మరొక సంగతి. ఆ యువతికి ఉద్యోగమే దొరకక వాయిదాలు కట్టడం ఏనాడో మానేసి ఉంటే, మాఫీ వలన ఆమె చేతిలో కొత్తగా ఒక్క రూపాయి కూడా మిగలదు. బ్యాంకువారి పిలుపులు ఆగుతాయి, హామీ సంతకం పెట్టిన మేనమామకు నిద్ర పడుతుంది, ఎగవేతదారుల పట్టికలోనుండి ఆమె పేరు తొలగిపోతుంది. ఇవి చిన్న విషయాలు కావు. అయితే వీటివలన కందిపప్పు ధర పెరగదు.

ఇది తర్కం. దీనిని అనుభవంతో సరిచూడవలసి ఉంది. భారతదేశంలో చదువు అప్పులను మూకుమ్మడిగా రద్దు చేసిన సందర్భం లేదు. దానికి దగ్గరగా వచ్చినది 2014 ఫిబ్రవరిలో నాటి కేంద్ర ఆర్థికమంత్రి పి. చిదంబరం మధ్యంతర బడ్జెటులో చేసిన ప్రకటన. 2009 మార్చి 31 లోగా చదువు అప్పులు తీసుకొన్నవారికి, 2013 చివరికి బాకీపడి ఉన్న వడ్డీని ప్రభుత్వమే భరిస్తుందని ఆయన ప్రకటించారు. సుమారు 9 లక్షలమందికి 2,600 కోట్ల రూపాయల మేలు కలుగుతుందని అంచనా. తలకు 29,000 రూపాయలకు లోపే. నాటి దేశపు వార్షిక ఉత్పత్తిలో ఇది నాలుగువేలలో ఒక వంతుకైనా చాలదు. ఏనుగు వీపు మీద ఈగ వాలితే ఏనుగు వంగిందనడం ఎటువంటిదో, ఈ మొత్తంతో ధరలు పెరిగాయనడమూ అటువంటిదే.

కనుక పెద్దయెత్తున జరిగిన మాఫీలను చూడాలంటే రైతుల అప్పుల వైపు తిరగాలి. 2008 ఫిబ్రవరి 29న కేంద్రప్రభుత్వం 60,000 కోట్ల రూపాయల వ్యవసాయ ఋణమాఫీని ప్రకటించింది. అది జాతీయోత్పత్తిలో ఒక శాతానికి పైచిలుకు. ఐదెకరాల లోపు రైతుల బాకీలు పూర్తిగా, మిగిలినవారివి పాక్షికంగా రద్దయ్యాయి. అదే సంవత్సరం ఆగస్టు నాటికి టోకుధరల ద్రవ్యోల్బణం 12 శాతం దాటింది. "చూశారా! మాఫీ చేశారు, ధరలు మండాయి" అని వాదించడానికి ఇంతకంటె మంచి అవకాశం లేదు. అయితే అదే వేసవిలో అంతర్జాతీయ విపణిలో ముడిచమురు పీపా ధర 147 డాలర్లకు ఎగబాకింది. లోహాలు, వంటనూనెలు, ధాన్యాలు ప్రపంచమంతటా ప్రియమయ్యాయి. ఆ సంవత్సరాంతానికి చమురు ధర కుప్పకూలింది. 2009 జూన్ నాటికి టోకుధరల సూచీ అంతకుముందు సంవత్సరం కంటె దిగువకు చేరింది. ఋణమాఫీ మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే ధరలను పెంచి ఉంటే, అది ఉండగానే ధరలు ఎలా తగ్గాయి? 2009లో వానలు ముఖం చాటేసి ఆహారధరలు మళ్లీ పెరిగిన మాట వాస్తవమే. ఆ నేరం మేఘాలది.

రిజర్వు బ్యాంకు అభిప్రాయం ఇందుకు కొంత భిన్నం. దానినీ గౌరవంగా వినాలి. 2017లో ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, పంజాబు మొదలైన రాష్ట్రాలు ఒకదానివెంట ఒకటి మాఫీలు ప్రకటించినప్పుడు నాటి గవర్నరు ఉర్జిత్ పటేల్ బహిరంగంగానే ఆందోళన తెలిపారు. నిజాయితీగా అప్పు తీర్చే అలవాటు దెబ్బతింటుందనీ, ప్రభుత్వాల లోటు పెరిగి ధరల మీద కూడా ఒత్తిడి పడవచ్చుననీ ఆయన వాదం. ఆ సంవత్సరం సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ప్రచురించిన ఒక పరిశోధనపత్రం దీనిని లెక్కకట్టింది. ఏడు రాష్ట్రాలలో ఆ యేడు విడుదల కాగల 88,000 కోట్ల రూపాయల మాఫీల వలన ద్రవ్యోల్బణం సుమారు 0.2 శాతం మేర పెరగవచ్చునని దాని అంచనా. నూరు రూపాయల సరకుకు ఇరవై పైసలన్నమాట. ఇరవై పైసలు సున్నా కాదు. దినకూలీకి ప్రతి పైసా లెక్కే. కాని మాఫీకి వ్యతిరేకంగా ప్రజలముందు పెట్టే భూతం పరిమాణం ఇరవై పైసలని తెలిస్తే విద్యార్థుల ఆలోచన కొంత కుదుటపడుతుంది. గవర్నరు హెచ్చరించిన ఆ వేసవిలోనే, 2017 జూన్‌లో, దేశంలో వినియోగదారుల ధరల పెరుగుదల ఒకటిన్నర శాతం దగ్గర ఉండటం మరొక విశేషం.

తెలంగాణ అనుభవం ఇంకా స్పష్టమైనది. 2022 వేసవిలో ఈ రాష్ట్రంలో ద్రవ్యోల్బణం 9 శాతం దాటి, దేశంలోనే అత్యధికమైన రాష్ట్రాల సరసన నిలిచింది. ఆ సంవత్సరం ఇక్కడ భారీ ఋణమాఫీ ఏదీ జరగలేదు. ఉక్రెయిన్ యుద్ధం వలన చమురు, వంటనూనె ప్రియమయ్యాయి. 2024 జూలై నుండి నవంబరు వరకు నాలుగు విడతలుగా 2 లక్షల రూపాయల లోపు పంట ఋణాలు మాఫీ అయ్యాయి. ప్రభుత్వపు లెక్క ప్రకారం 25 లక్షలకు పైగా రైతుఖాతాలకు 20,616 కోట్ల రూపాయలు చేరాయి. తరువాతి వేసవికి ధరలు మండిపోవలసింది. 2025 జూన్‌లో తెలంగాణలో ద్రవ్యోల్బణం సున్నాకు దిగువన నమోదయింది. మాఫీ వలన ధరలు తగ్గాయని ఎవరైనా అంటే అదీ తప్పే. కూరగాయలు, పప్పులు చౌక కావడం దానికి కారణం. ఒకదానివెంట మరొకటి వచ్చినంతమాత్రాన మొదటిది తల్లి, రెండవది బిడ్డ అయిపోవని తార్కికులు ఏనాడో చెప్పారు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే దానిని కాకతాళీయం అన్నారు.

తెలుగు కుటుంబాలకు అమెరికాతో ఏర్పడిన అనుబంధం వలన అక్కడి వివాదం కూడా ఇక్కడ చర్చకు వస్తుంటుంది. 2022 ఆగస్టులో అధ్యక్షుడు జో బైడెన్ ఒక్కొక్క ఋణగ్రస్తునికి 10,000 డాలర్లు, పేద విద్యార్థులుగా సహాయం పొందినవారికి 20,000 డాలర్ల వరకు చదువు అప్పు రద్దు చేస్తానన్నారు. మొత్తం ఖర్చు సుమారు 40,000 కోట్ల డాలర్లని అక్కడి పార్లమెంటుకు చెందిన బడ్జెటు కార్యాలయం అంచనా వేసింది. ఆ వేసవిలో అమెరికాలో ధరల పెరుగుదల 9.1 శాతానికి చేరి ఉంది. జేసన్ ఫర్మన్ వంటి ఆర్థికవేత్తలు ఇది మండుతున్న మంటకు ఆజ్యమని ఆక్షేపించారు. నోబెల్ బహుమతి గ్రహీత జోసెఫ్ స్టిగ్లిట్జ్ అటువంటి భయం అనవసరమన్నారు. కోవిడ్ కారణంగా 2020 మార్చి నుండి వాయిదాలు నిలిపివేసి ఉండటం వలన, మాఫీ జరిగినా మరునాడు విద్యార్థి చేతిలో కొత్తగా మిగిలేది ఏమీ లేదని కూడా కొందరు గుర్తుచేశారు. 2023 జూన్ 30న అమెరికా సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేయడంతో వాదం పరీక్షకు నిలవకుండానే ముగిసింది.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఋణమాఫీ నిరపాయకరమైనదని తలచడం తొందరపాటు. దాని అపాయం ధరలలో కాక వేరొకచోట ఉంది. ఊరికి ఉండదగినవారిని పేర్కొంటూ సుమతీ శతకకారుడు అప్పిచ్చేవానికి వైద్యునికంటె ముందు స్థానం ఇచ్చాడు. అప్పు పుట్టని ఊరిలో బ్రతుకు ఎంత దుర్భరమో ఆయనకు తెలుసు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మఋణ సంస్థల ఆగడాలను అరికట్టడానికి ఆర్డినెన్సు తెచ్చింది. వేధింపులూ ఆత్మహత్యలూ ఆ చర్యకు కారణాలు. ఆర్డినెన్సు వచ్చిన వెంటనే ఆ సంస్థలకు వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. మాఫీ అనే పేరు లేదు గాని, లక్షలాది మహిళల చేతిలో వాయిదాసొమ్ము మిగిలిపోయింది. ఆ సంస్థలు ఇక్కడ కొత్త అప్పులు ఇవ్వడం మానుకొన్నాయి. వైద్యానికో పెండ్లికో అవసరం పడిన పేదలు మళ్లీ గిరిగిరివాడి గుమ్మం ఎక్కారు. ఉదయం ఇచ్చి సాయంత్రం వసూలు చేసే ఆ వడ్డీ ముందు బ్యాంకువడ్డీ అమృతప్రాయం. పాతబస్తీ గల్లీలలో తోపుడుబండివారికి ఈ తేడా ఏ పాఠ్యపుస్తకమూ బోధించనక్కరలేదు.

ప్రాచీనులు ఈ చిక్కుకు ఒక మధ్యేమార్గం చూశారు. ఎంతకాలం గడిచినా వడ్డీ అసలును మించరాదని, అంటే అసలుకు రెట్టింపుతో అప్పు తీరిపోవాలని ధర్మశాస్త్రాలు విధించాయి. దామ్‌దుపట్ అనే పేరుతో ఆ నియమం ఆధునిక న్యాయస్థానాల దాకా వచ్చింది. 1930 తరువాత ప్రపంచమంతటా ధరలు పడిపోయి, పుట్టి ధాన్యం అమ్మినా వడ్డీకి చాలని రోజులు వచ్చాయి. అప్పుడు రాజాజీ ప్రభుత్వం 1938లో మద్రాసు రాష్ట్ర వ్యవసాయదారుల సహాయచట్టాన్ని తెచ్చింది. 1937 అక్టోబరు 1 నాటికి బాకీపడిన వడ్డీలను అది రద్దు చేసింది. నాటి తెలుగు జిల్లాలైన కోస్తా, రాయలసీమలకు అది వర్తించింది. ఆ చట్టంలో ప్రభుత్వం దమ్మిడీ చెల్లించలేదు. నష్టమంతా షావుకారుది. అంగడిలోకి కొత్త డబ్బు చేరే ప్రసక్తే లేదు. ధరలు పెరగడం వలన కాక, ధరలు పడిపోవడం వలన పుట్టిన ఋణవిముక్తి అది. అసలును నిలిపి, వడ్డీని త్రుంచడంలోని వివేకం చదువు అప్పులకు కూడా చక్కగా సరిపోతుంది. 2009 నుండి కేంద్రప్రభుత్వం అల్పాదాయ కుటుంబాల విద్యార్థులకు చదువుకాలపు వడ్డీని భరించడమూ, 2024 నవంబరులో ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకంలో వడ్డీరాయితీ కల్పించడమూ ఈ దారిలోని అడుగులే.

చదువు అప్పుల విషయంలో ధరల భయం పూర్తిగా అబద్ధం కాని చోటు ఒకటి ఉంది. అది బియ్యం ధర కాదు, సీటు ధర. ఎలాగూ ప్రభుత్వం కడుతుందనే నమ్మకం కుదిరితే రుసుము పెంచడానికి కళాశాలకు జంకు ఉండదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో వెనుకబడిన తరగతులు, మైనారిటీలు మొదలైనవారికి బోధనరుసుములు ప్రభుత్వమే చెల్లించే పథకం విస్తరించింది. పాతబస్తీలోని ఎన్నో ఇండ్లలో మొదటి ఇంజనీరు ఈ పథకం వలననే వెలిశాడనడంలో అతిశయోక్తి లేదు. అదే సమయంలో ఇంజనీరింగు కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచి, కొన్నేండ్లలో ఏడువందల దాకా చేరాయి. ప్రయోగశాల లేనివి, అధ్యాపకులు లేనివి వాటిలో ఎన్నో. తరువాత పలు కళాశాలలు మూతబడ్డాయి. రుసుములను నిర్ణయించడానికి ఒక సంఘం ఉన్నప్పటికీ, తెలంగాణలో కొన్ని కళాశాలల వార్షికరుసుము లక్ష రూపాయలు దాటిపోయింది. ప్రవేశపరీక్షలో పదివేల లోపు ర్యాంకు రాని వెనుకబడిన తరగతుల విద్యార్థికి మాత్రం ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35,000 రూపాయలు. మిగిలినది తండ్రి తేవాలి. చార్‌కమాన్‌లో తల్లి గొలుసు కుదువపడేది ఆ మిగిలినదాని కోసమే.

ఇచ్చే ఆ 35,000 అయినా సకాలంలో వస్తుందా? ఇక్కడే అసలు బాకీదారు ఎవరనే ప్రశ్న తలక్రిందులవుతుంది. రుసుముల బకాయిలు ఏండ్ల తరబడి పేరుకొనిపోవడంతో 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు కొన్నాళ్లు తలుపులు మూసుకొని నిరసన తెలిపాయి. కొంత మొత్తం విడుదల చేస్తామని ప్రభుత్వం అంగీకరించిన తరువాతనే తెరిచాయి. ఈ బకాయి కాగితం మీద ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్యది. అనుభవించేది విద్యార్థి. రుసుము రాలేదని కళాశాల అతని ధ్రువపత్రాలను బీరువాలో ఉంచుకొంటుంది. ధ్రువపత్రం లేనిదే ఉద్యోగంలో చేరనివ్వరు. పై చదువుకు సీటు వచ్చినా ప్రవేశం దొరకదు. చివరకు తండ్రి గిరిగిరివాడి దగ్గర తెచ్చి కళాశాలకు కట్టి, కొడుకు పత్రాలు విడిపించుకొంటాడు. ప్రభుత్వం తీర్చవలసిన బాకీ ఆ విధంగా, అధికవడ్డీతో, ఒక లక్కగాజుల కార్మికుని బాకీగా మారుతుంది. దీనికి ఏ పట్టికలోనూ లెక్క లేదు.

ఈ బకాయిలను ఒక్కసారిగా తీర్చేస్తే ధరలు పెరుగుతాయని ఎవరైనా ఆర్థికవేత్త అడ్డుచెబితే, ఆయనకు చెప్పవలసిన సమాధానం సులభం. ఆ చదువు ఇప్పటికే జరిగిపోయింది. పాఠాలు చెప్పిన అధ్యాపకులు నెలల తరబడి జీతాల కోసం ఎదురుచూస్తున్నారు. వారికి వచ్చేది కొత్త గిరాకీ కాదు, ఎప్పుడో తినవలసిన అన్నం. రాష్ట్రఖజానా ఖాళీగా ఉన్నదనేది వేరే వాదన, అది నిజమే కావచ్చు. అయితే ఖజానా ఖాళీ అని చెప్పలేక ధరలు పెరుగుతాయని చెప్పడం మాత్రం సబబు కాదు. పంటఋణాల విషయంలోనూ ఇదే కనిపించింది. 2018 ఎన్నికలలో ఇచ్చిన మాఫీ వాగ్దానం తెలంగాణలో 2023 ఆగస్టు దాకా పెద్దగా ముందుకు సాగలేదు. మాఫీ వస్తుందని వాయిదా కట్టని రైతుకు ఆ నడుమ వడ్డీ పెరిగింది. బ్యాంకు అతనిని మొండి బాకీదారుగా లెక్కించింది. మాఫీ చేయకపోవడం కంటె, చేస్తానని చేయకపోవడం అతనికి ఎక్కువ ఖరీదయింది.

హుస్సేనీ ఆలం ప్రాంతంలోని ప్రభుత్వ మహిళా కళాశాలలోనో, మూసీ ఒడ్డున ఉన్న సిటీ కళాశాలలోనో చదివే విద్యార్థినీవిద్యార్థులకు గోలకొండ దూరం కాదు. వారు ఆ బందిఖానాను చూసినప్పుడు గోడమీద చెక్కిన విగ్రహాలను చూసి వచ్చేస్తారు. తానీషా కథలో ఎవరూ అంతగా పట్టించుకోని వస్తువు ఒకటి ఉంది. ఆరులక్షలు చెల్లించినవారు డబ్బు పోసి ఊరకే వెళ్లలేదు. ముద్రవేసిన చెల్లుచీటీ వ్రాయించుకొని, తెల్లవారకముందే దానిని ఖైదీ ప్రక్కన ఉంచి మరీ వెళ్లారు. ఉదయం కావలివారు తలుపు తీసేసరికి కాగితం అతని చెంతనే ఉంది.